కత్తెర, కాగితం, నవోదయ: మా అమ్మాయి ప్రవేశ పరీక్ష ఏడాది

మాది పల్నాడు జిల్లాలో చిలకలూరిపేటకు దగ్గరలో ఉన్న ఒక పల్లె. ఇంటర్మీడియట్‌తో చదువు ఆపేసిన నేను పెళ్లయ్యాక కుట్టుపని నేర్చుకుని, ఇంటి వసారాలోనే మిషను వేసుకుని ఊళ్లోవాళ్ల జాకెట్లూ పిల్లల లంగాలూ కుడుతుంటాను. మా అమ్మాయి ఐదో తరగతిలోకి వచ్చిన 2024 జులైలో ప్రధానోపాధ్యాయులు నన్ను బడికి పిలిపించి, "అమ్మా, ఈ పిల్ల చేత నవోదయ పరీక్ష రాయించండి. సీటు వస్తే పన్నెండో తరగతి దాకా మీకు దిగులుండదు" అన్నారు. మద్దిరాలలోని జవహర్ నవోదయ విద్యాలయం పేరు వినని ఇల్లు మా చుట్టుపక్కల లేదు గానీ, ఆ సీటు ఎలా వస్తుందో, పరీక్షలో ఏమడుగుతారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకు తెలిసిందల్లా అది కేంద్ర ప్రభుత్వ బడి అనీ, పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారనీ, తిండికీ బసకూ డబ్బు కట్టనక్కరలేదనీ మాత్రమే.

మాస్టారు సెల్‌ఫోనులో ప్రకటన తెరిచి ఒక్కొక్క నిబంధనే చదివి వినిపించారు. బడికి గరిష్ఠంగా 80 సీట్లు. వాటిలో కనీసం 75 శాతం గ్రామీణ ప్రాంతాల పిల్లలకు, కనీసం మూడో వంతు ఆడపిల్లలకు. జిల్లాలను విడదీసినా, కొత్త జిల్లాలో వేరే నవోదయ లేనప్పుడు పాత సరిహద్దులనే లెక్కలోకి తీసుకుంటారు కనుక, మా పిల్ల పోటీ పడవలసింది పాత గుంటూరు జిల్లా మొత్తంతో. వీటన్నిటికంటే నన్ను భయపెట్టిన నిబంధన మరొకటి ఉంది. ఒక పిల్ల ఈ పరీక్షను ఒక్కసారే రాయాలి. ఏ కారణంతోనైనా సరే, రెండోసారి రాయడానికి వీల్లేదు. పదో తరగతి తప్పినవాళ్లకు కూడా మళ్లీ రాసుకునే దారి ఉంటుంది, పదేళ్ల పిల్లకు మాత్రం ఒకే ఒక్క అవకాశమా అని నాకు అనిపించింది. ఆ మాటే అంటే మాస్టారు నవ్వి, "అందుకే ఇప్పుడే పిలిపించాను" అన్నారు.

దరఖాస్తుకు రుసుము లేదు, అంతా ఆన్‌లైనులోనే. అయితే దానికి జతచేయవలసిన ధ్రువపత్రం ఒకటుంది. పిల్ల మూడు, నాలుగు, ఐదు తరగతులు ఏ ఏ సంవత్సరాల్లో, ఏ బడిలో, ఏ ఊళ్లో చదివిందో అందులో రాసి, ఫొటో అంటించి, పిల్లా తల్లో తండ్రో సంతకాలు చేశాక ప్రధానోపాధ్యాయులు దానిమీద సంతకం చేసి ముద్ర వేయాలి. మాకు చిక్కు వచ్చింది అక్కడే. 2022లో మావారికి గుంటూరులో ఒక శీతల గిడ్డంగిలో మిర్చి బస్తాల పని దొరికితే కొన్ని నెలలు అక్కడే ఉన్నాం. ఆ ఏడు జులై 5న బడులు తెరిచాక పిల్లను అక్కడి పురపాలక పాఠశాలలో మూడో తరగతిలో వేసి, దసరా సెలవులకు ఊరు తిరిగొచ్చి మళ్లీ మా బడిలో చేర్చాం. మూడు నెలలైనా నిండని ఆ చదువు సంగతి నేనైతే మరిచే పోయాను. నిబంధన మాత్రం మరిచిపోదు: ఈ మూడు తరగతుల్లో ఏ తరగతిలోనైనా ఒక్క రోజు పట్టణ ప్రాంతపు బడిలో చదివినా ఆ పిల్లను పట్టణ అభ్యర్థిగానే లెక్కిస్తారు.

మాస్టారు ఈ సంగతి చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు. పల్లె పిల్లలకు ఉంచిన 60 సీట్ల వాటా చేజారిపోయింది. మిగిలిన 20 సీట్ల కోసం గుంటూరు, నరసరావుపేట వంటి ఊళ్ల పిల్లలూ పల్లె పిల్లలూ అందరూ మార్కుల మీదే పోటీ పడతారు. ఇంటికొచ్చి చెప్తే మా ఆడపడుచు భర్త, "ఆ మూడు నెలలు ఎవరు చూడొచ్చారమ్మా, మూడో తరగతి మొత్తం ఇక్కడే అని రాయించెయ్" అన్నారు. "అన్నయ్యా, బదిలీ పత్రం గుంటూరు నుంచి తెచ్చిందే గదా, రేపు సీటు వచ్చాక పత్రాలు పరిశీలిస్తే వచ్చిన సీటు పోతుంది. సంతకం పెట్టిన మాస్టారికి మాట వస్తుంది" అన్నాను. ఆ మాట అన్నంత తేలికగా నాకు రాత్రి నిద్ర పట్టలేదన్నది కూడా నిజమే. మరునాడు ఉన్నది ఉన్నట్టే రాయించాను.

ఈ నిబంధన చెడ్డదని నేననను. పట్నంలో మంచి బడిలో చదివించుకునే స్తోమత ఉన్నవాళ్లు పల్లె వాటాను కాజేయకుండా పెట్టింది అది. కానీ దానికి చిక్కుతున్నది కూలికి వలస పోయి వచ్చిన మాబోటివాళ్లు. పట్నం వసతిగృహంలో ఉంటూ శిక్షణ తీసుకునే పిల్లల పేర్లు మాత్రం పల్లె బడి హాజరు పట్టీలో పదిలంగా ఉంటాయి. అటువంటి శిక్షణ కేంద్రం వాళ్లు మా ఊరికీ వచ్చి, పిల్లను తమ దగ్గర వదిలితే పేరు ఇక్కడే ఉంచే ఏర్పాటు తాము చూసుకుంటామన్నారు. వాళ్లు చెప్పిన డబ్బు మాకు అందేది కాదు. అందినా పంపేదాన్ని కాదు.

దరఖాస్తులో తేల్చుకోవలసిన రెండో విషయం భాష. ప్రశ్నపత్రం ఏ భాషలో కావాలో ముందే ఎంచుకోవాలి, సవరణలకిచ్చిన గడువు దాటాక మార్చుకోవడానికి ఉండదు. మా అమ్మాయి పాఠ్యపుస్తకాల్లో ఒక పుటలో ఇంగ్లిషు, ఎదురు పుటలో తెలుగు ఉంటాయి. బడిలో పాఠం ఇంగ్లిషు పుటలో జరుగుతుంది, అర్థమయ్యేది తెలుగు పుటలో. పరీక్షలో భాషా విభాగమంటే నాలుగు గద్యభాగాలు, ఒక్కొక్కదానికి ఐదు ప్రశ్నలు. తెలుగులో అయితే అవి ఆమెకు నల్లేరు మీద బండి. తీరా తెలుగు ఎంచుకున్నాక పాత ప్రశ్నపత్రం ముందుపెడితే లెక్కల్లో ఆగిపోయింది. ఎల్.సి.ఎం. చేయగలదు గానీ కనిష్ఠ సామాన్య గుణిజం అంటే ఏమిటో తెలియదు. లవం, హారం, శేషం, భాగఫలం, చుట్టుకొలత, వైశాల్యం అన్నీ ఆమెకు కొత్త మాటలే. నేను తెలుగు మాధ్యమంలో చదువుకున్న దాన్ని కావడం మొదటిసారి అక్కరకొచ్చింది. ఒక పాత కాపీ పుస్తకంలో ఎడమవైపు ఇంగ్లిషు మాట, కుడివైపు తెలుగు మాట రాసుకుంటూ పోతే ఆగస్టు నెలాఖరుకు అరవై దాటాయి. తెలుగు ఎంచుకునే తల్లిదండ్రులు ఈ పని అన్నిటికంటే ముందు చేయాలని నా అభిప్రాయం, ఎందుకంటే లెక్క వచ్చి ఉండి మాట తెలియక తప్పు పెట్టిన మార్కు అన్నిటికంటే బాధపెడుతుంది.

పరీక్ష స్వరూపం తెలిశాక నాకు కొంత ధైర్యం వచ్చింది. రెండు గంటల సమయం, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అంటే ప్రశ్నకు ఒకటింపావు మార్కు. వాటిలో 40 ప్రశ్నలు, అంటే సగం మార్కులు, మానసిక సామర్థ్య పరీక్షవి. తక్కినవి లెక్కలు 20, భాష 20. తప్పు జవాబుకు మార్కులు కోయరు, కానీ మూడు విభాగాల్లోనూ విడివిడిగా అర్హత రావాలి కనుక ఒకదాన్ని వదిలేసి మరొకదానితో నెగ్గుకు రావడం కుదరదు. మానసిక సామర్థ్యం అన్న పేరు చూసి అదేదో పెద్ద చదువు అనుకున్నాను. పుస్తకం తెరిస్తే అందులో అక్షరం ముక్క లేదు, అన్నీ బొమ్మలే. నాలుగు బొమ్మల్లో వేరుగా ఉన్నది ఏది, అచ్చం ఇలాగే ఉన్న బొమ్మ ఏది, ఖాళీ మూలలో ఏ ముక్క అతుకుతుంది, అద్దంలో ఎలా కనిపిస్తుంది, ముక్కలన్నీ కలిపితే ఏ ఆకారం వస్తుంది, మడిచి చిల్లు పెట్టిన కాగితం విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ ఉంటాయి. ఇలా పది రకాలు, ఒక్కో రకానికి నాలుగు ప్రశ్నలు.

కాగితం చిల్లుల దగ్గర మా అమ్మాయి ప్రతిసారీ తప్పేది. ఒకసారి మడిచి ఒక చిల్లు పెడితే రెండని చెప్పగలిగేది గానీ, రెండుసార్లు మడిచిన బొమ్మ ఇస్తే నాలుగు చిల్లులు ఎక్కడ పడతాయో గుర్తించలేకపోయేది. పుస్తకం వెనుక ఉన్న జవాబు చూపించి, "ఇదిగో, ఇది" అని నాలుగు రోజులు చెప్పాను. ఐదో రోజు జాకెట్టు కోస్తున్నాను. గుడ్డను నిలువుగా మడిచి, మడత వైపు సుద్దతో సగం మెడ గీసి కత్తెర ఆడించి విప్పగానే, పక్కన కూర్చున్న పిల్ల "అమ్మా, సగమే కోశావు, మొత్తం మెడ ఎలా వచ్చింది?" అంది. ఇన్నేళ్లుగా నేను రోజూ చేస్తున్న పనే ఆ పుస్తకంలో ప్రశ్న అయి కూర్చుందని అప్పుడు గాని నాకు తట్టలేదు.

ఆ రోజు నుంచి పుస్తకం మూసి, పాత దినపత్రికలు ముందేసుకున్నాం. మడవడం, గుండుసూదితో పొడవడం, విప్పకముందే చిల్లులు ఎక్కడుంటాయో వేరే కాగితం మీద చుక్కలు పెట్టి చూపించడం, ఆ తర్వాతే విప్పి సరిచూసుకోవడం. ఈ వరస ముఖ్యం. ముందే విప్పితే అది ఆటే అవుతుంది తప్ప సాధన కాదు. పది పన్నెండు రోజులకు ఆమె కాగితం అవసరం లేకుండానే చెప్పగలిగింది. అద్దపు బొమ్మలకు చేతులు కోసే పని సరిపోయింది. జాకెట్టుకు కుడి చెయ్యి, ఎడమ చెయ్యి ఒకదానికొకటి ఎదురుబొదురుగా ఉండాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు రెండూ ఒకే వైపువి కోసేసి గుడ్డ పాడుచేస్తారు, నేనూ చేశాను. కాగితంతో రెండు చేతులు కోయించి, తప్పు కోసినప్పుడు పక్కపక్కన పెట్టి చూపిస్తే, అద్దం దేన్ని తిప్పుతుందో దేన్ని తిప్పదో ఆమెకు పట్టుబడింది. తుంపు గుడ్డలు ఎలా కలిపితే చతురస్రం అవుతుందో చూడడం ఆమెకు ఇష్టమైన పని అయిపోయింది. ధనుర్మాసం వచ్చాక వాకిట్లో ముగ్గు సగం నేను వేసి మిగతా సగం ఆమెకు వదిలేదాన్ని. మా అత్తయ్య, "పరీక్ష పేరుతో పిల్ల చేత ముగ్గులు వేయిస్తున్నావా?" అని నవ్వేవారు గానీ, ఖాళీ మూల పూరించే ప్రశ్నలో ఉన్నది అదే.

లెక్కలు నాకు చేతకాలేదు. మాస్టారు బడి విడిచాక ముగ్గురు పిల్లలను గంటసేపు కూర్చోబెట్టి చెప్పారు. ఇంటి దగ్గర నేను చేయగలిగింది, తప్పులకు వేరే పుస్తకం పెట్టి, ఏ తప్పు ఎందుకు వచ్చిందో ఆమె చేతే రాయించడం. నాలుగు వందలకు కొని నాలుగు వందల అరవైకి అమ్మితే లాభం ఎంత శాతం అన్న లెక్కలో ఆమె అరవైని అమ్మిన వెలతో భాగించేది. "కొన్న వెల మీద లెక్కకట్టాలి" అని తన చేతిరాతలోనే మూడుసార్లు కనిపించాక ఆ తప్పు పోయి, పదిహేను అని జవాబు సరిగా రావడం మొదలైంది. ఆ పుస్తకం చూస్తే నాకు ఇంకొకటి కూడా తెలిసింది: ఆమె తప్పుల్లో సగం లెక్క రాకపోవడం వల్ల వచ్చినవి కావు, ప్రశ్న చివరిదాకా చదవకపోవడం వల్ల వచ్చినవి. "కానిది ఏది" అని అడిగితే "ఏది" అని మాత్రమే చదివి మొదట కనిపించిన సరైన జవాబు పెట్టేది.

ఈ ఏడాదిలో నేను చేసిన పెద్ద తప్పు దసరా సెలవుల్లో జరిగింది. సెలవులు గదా అని పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున రోజుకు రెండు పూర్తి నమూనా పరీక్షలు పెట్టాను. మొదటి మూడు రోజులు మార్కులు పెరిగాయి, నాలుగో రోజు నుంచి తగ్గాయి. తగ్గినకొద్దీ నేను కోప్పడ్డాను, కోప్పడినకొద్దీ ఇంకా తగ్గాయి. ఆరో రోజు మధ్యాహ్నం పిల్ల, జవాబుకు తగిన వృత్తాన్ని పెన్నుతో నింపే ఓఎంఆర్ పత్రంలో మొదటి నుంచి చివరి దాకా ఒకే నిలువు వరుసలో వృత్తాలు నింపేసి, పక్కన పెట్టి నిద్రపోయింది. మావారు ఆ కాగితం చూసి, "ఇక చాలు, వదిలెయ్" అన్నారు. వారం రోజులు పుస్తకం ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత రోజుకు నలభై నిమిషాలు, ఆదివారం మాత్రమే పూర్తి పరీక్ష అన్న పద్ధతికి వచ్చాం. డిసెంబరు దాకా అది చెడలేదు.

ఓఎంఆర్ పత్రం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. మా బడిలో పిల్లలు ఐదో తరగతి దాకా పెన్సిలుతోనే రాస్తారు, తప్పైతే చెరుపుకుంటారు. ఈ పరీక్షలో నీలం లేదా నల్ల బాల్ పెన్ను తప్ప వాడకూడదు, ఒకసారి నింపిన వృత్తాన్ని మార్చకూడదు. చెరుపుకునే అలవాటున్న చేతికి చెరపలేని పెన్ను ఇస్తే భయం వస్తుంది. మా అమ్మాయి మొదట్లో ఒక్కో వృత్తాన్ని ముగ్గు చుక్కలాగా అద్దుతూ పావు నిమిషం పైగా తీసుకునేది. చిలకలూరిపేటలో ఓఎంఆర్ నమూనాకు ముప్పై నకళ్లు తీయించి, ప్రశ్నలు లేకుండానే, నేను "ఏడుకు మూడు, ఎనిమిదికి ఒకటి" అని చదువుతుంటే నింపడం సాధన చేయించాను. మరొక అలవాటు కూడా చేయించాను. ఒక ప్రశ్న వదిలేసి ముందుకు పోయినప్పుడు పత్రంలో కూడా ఆ వరుస వదలాలి. అది మరిచిపోతే అక్కడి నుంచి జవాబులన్నీ ఒక గడి జరిగిపోతాయి. అందుకని ప్రతి ఐదు ప్రశ్నలకోసారి సంఖ్యను నోటితో చదివి సరిచూసుకొమ్మన్నాను. చేతి గడియారం మీద ఆధారపడకుండా, మా వసారాలో గోడ గడియారం కింద కూర్చోబెట్టి, మొదటి గంటలో బొమ్మలు, తర్వాత అరగంటలో లెక్కలు, చివరి అరగంటలో తెలుగు అని అలవాటు చేశాం. తెలుగు ఆమెకు ఇరవై నిమిషాల్లోనే అయ్యేది కనుక మిగిలిన పది వదిలేసిన లెక్కలకు.

పరీక్ష తేదీ 2025 జనవరి 18, శనివారం. భోగి 13, సంక్రాంతి 14, కనుమ 15. ఇంట్లో కుట్టుమిషను ఉన్నవాళ్లకు సంక్రాంతి ముందు నెల రోజులు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు. ఊరంతా కొత్త బట్టలకు నా దగ్గరకే వస్తారు, ఆ నెల సంపాదనతోనే మా ఇంట్లో ఆ తర్వాత రెండు నెలలు గడుస్తాయి. పిల్లకు నేను ఎక్కువ అవసరమైన రోజుల్లోనే నాకు తీరిక లేకపోయింది. మిషను తొక్కుతూనే గద్యభాగాలు బిగ్గరగా చదివించి వినేదాన్ని, ప్రశ్న అడిగేదాన్ని. పండుగకు చుట్టాల పిల్లలొచ్చి, గాలిపటాలంటూ వీధిలో ఉంటే ఈమెను లోపల కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు. కనుమ దాకా పుస్తకం వద్దనే చెప్పాను. 16న ఒక నమూనా పరీక్ష, 17న ప్రవేశపత్రం, రెండు పెన్నులు, నీళ్ల సీసా సర్దుకుని, పెందలాడే పడుకోబెట్టడం, అంతే.

పరీక్ష చిలకలూరిపేటలో ఒక ఉన్నత పాఠశాలలో ఉదయం పదకొండున్నర నుంచి. మేము తొమ్మిదిన్నరకే చేరాం. గేటు బయట తల్లిదండ్రులు పిల్లల చేత చివరి నిమిషం దాకా ఎక్కాలు అప్పజెప్పిస్తుంటే మా అమ్మాయి వాళ్లను చూసి బెదిరింది. మావారు ఆమెను కొంచెం దూరంగా వేపచెట్టు కిందికి తీసుకుపోయి ఇడ్లీ తినిపించారు. ఒంటిగంటన్నరకు బయటికొచ్చి మొదట చెప్పిన మాట: "అమ్మా, చిల్లుల బొమ్మలు నాలుగూ వచ్చాయి." లెక్కల్లో రెండు అంచనాతో పెట్టానంది. తప్పుకు మార్కులు కోయరు కనుక ఏ వృత్తమూ ఖాళీగా వదలవద్దని ముందే చెప్పి ఉంచాను.

మార్చి 25న ఫలితాలు వచ్చాయి. నంబరు కొట్టి చూస్తే ఎంపిక కాలేదని వచ్చింది. మార్కులు చెప్పరు, ఎన్నిటికి పోయిందో, ఏ విభాగంలో తగ్గిందో తెలుసుకునే దారి లేదు. మాస్టారి దగ్గర చదివిన ముగ్గురిలో ఒక అబ్బాయికి సీటు వచ్చింది. ఆ మూడు నెలల గుంటూరు లేకపోతే మా పిల్లకు కూడా వచ్చేదేమో అన్న ఆలోచన నాకు చాలా రోజులు పోలేదు, మావారికైతే ఇంకా ఎక్కువ రోజులు. పిల్ల ఆ సాయంత్రం ఏడ్చింది, మరునాడు మామూలుగానే బడికి పోయింది. ఇప్పుడు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆరో తరగతి. అక్కడి లెక్కల మేడమ్ మొదటి నెలలోనే, ఎనిమిదిలో జాతీయ ఉపకారవేతనం పరీక్ష ఉంటుందనీ, అందులోనూ సగం ప్రశ్నలు మానసిక సామర్థ్యానివేననీ, నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయనీ చెప్పారట. పాత కాపీ పుస్తకాలు పారేయొద్దని నాతో చెప్పి, తన పెట్టెలో దాచుకుంది.

2025 జులైలో మా ఎదురింటివాళ్లు తమ అబ్బాయిని తీసుకుని మా వసారాకు వచ్చారు. ఆ ఏడు పరీక్షను డిసెంబరు 13నే పెట్టడంతో సంక్రాంతి గొడవ తప్పింది. వాళ్లు దినపత్రికలూ గుండుసూదులూ చేతబట్టుకునే వచ్చారు, కాగితం మడిచే సంగతి ఊళ్లో పాకిపోయినట్టుంది. వాటిని పక్కన పెట్టమని చెప్పి, అబ్బాయిని దగ్గరకు పిలిచి, "మూడో తరగతి ఎక్కడ చదివావు నాన్నా?" అని అడిగాను.